తవిటయ్య ఆఖరి మాట

మార్తా కథ ఎక్కడ ఆపామో ముందు గుర్తు చేసుకుందాం. కొత్తగా ఈ వారమే చదవడం మొదలుపెట్టినవాళ్లకీ అది పనికొస్తుంది.

మార్తా చాలా ఏళ్లుగా, హిందీ మాట్లాడే ఒక ఇనుప కార్ఖానా ఊరి ఆస్పత్రిలో, మగవాళ్ల సర్జికల్ వార్డులో నర్సు. ఆస్పత్రి ఆవరణలోనే నర్సుల స్కూలు ఉంది. పాఠాలు చెప్పేవాళ్లు చాలక, అక్కడి పెద్ద ట్యూటర్ రూత్ సిస్టర్ వార్డుల్లోంచి ఇద్దరిని ఏరుకుంది. ఒకరు మార్తా, రెండోవారు జానకి. ఇద్దరికీ నల్లబల్ల ముందు నిలబడి పాఠం చెప్పడం నేర్పిస్తోంది. కట్లు కట్టడం, పథ్యం, జ్వరం చార్టులు, ఇవన్నీ మార్తా చక్కగా చెప్పింది. నీతి పాఠం దగ్గరికి వచ్చేసరికి మొదటిరోజే ఆగిపోయింది. ఫిలోమినా అనే ఉరావ్ తెగ పిల్ల లేచి, "రోగికి చెప్పొద్దని డాక్టరు అంటే, రోగి చెప్పమని అడిగితే, మేం ఎవరి మాట వినాలి సిస్టర్?" అని హిందీలో అడిగింది. మార్తా చాక్‌పీసు బల్ల మీద పెట్టి బయటికి నడిచింది.

ఆ నీతి పాఠాన్ని సూత్రాలుగా బట్టీ పట్టిస్తే చాలని మేట్రన్ అంటుంది. రూత్ సిస్టర్ ఒప్పుకోలేదు. "సూత్రం వాళ్లు పుస్తకంలో చదువుకుంటారు. నువ్వు నీ వార్డులోంచి ఒక మనిషిని తీసుకురా" అని మార్తాకి చెప్పి, ఇంకో అవకాశం ఇచ్చింది. మార్తాకి వార్డులోంచి ఒకే ఒక్క మనిషి గుర్తొస్తున్నాడు. అతని పేరే పైకి తీసుకురాలేకపోతోంది. నవంబరు నెల, మధ్యాహ్నం. రెండోసారి అదే క్లాసు. నల్లబల్ల మీద 'నిజం' అని రాసి వెనక్కి తిరిగేసరికి గుమ్మంలో దాలమ్మ నిలబడి ఉంది.

దాలమ్మ భర్త తవిటయ్య ఆ ఏటి శ్రావణంలో కాలిన గాయాలతో ఆ వార్డులోనే పోయాడు. అప్పటినుంచి దాలమ్మ దాదాపు రోజూ జుగ్సలాయి బస్తీ నుంచి నడిచి వచ్చి వార్డు బయట బల్ల మీద కూర్చుంటోంది. వచ్చిపోయే నర్సులందరినీ ఒకే ప్రశ్న అడుగుతోంది. ఆ బల్ల ముందు నుంచి నడవకుండా మార్తా వెనక మెట్ల మీదుగా వార్డుకి పోవడం మొదలుపెట్టి కూడా చాలా రోజులయింది.

ఇప్పుడు వెనక మెట్లు లేవు. గదికి ఒకటే గుమ్మం.

జానకి ముందు బెంచీ మీంచి చటుక్కున లేచింది. జానకిది మెత్తని మనసు. ఎవరి కళ్లల్లో నీళ్లు చూసినా ఆగలేదు.

"రా అమ్మా, బయట కూర్చుందాం. నేను చెప్తాను" అంది దాలమ్మ భుజం మీద చెయ్యి వేసి.

దాలమ్మ కదల్లేదు. "నువ్వు సెప్పీసినావు గదమ్మా. మల్లీ ఏటి సెప్తావు?"

గొంతు పెద్దది చెయ్యలేదు. అయినా గదంతా వినబడింది.

"సిన్న నర్సమ్మ ఒకాయమ్మ, నా పేరెట్టి పిలిసినాడంది. ఆయా సూరమ్మ, రాముణ్ణి తలుసుకున్నాడంది. నువ్వేమో పిల్లలు జాగర్తన్నాడన్నావు. ఒళ్లంతా కాలిపోయినోడు, పెదాలు అతుక్కుపోయినోడు, ఇన్ని మాటలాడతాడేటమ్మా? అందరూ మంచే సెప్పినారు. ఏది నిజిమో ఎవలు సెప్పినారు?"

జానకి చెయ్యి దాలమ్మ భుజం మీంచి జారిపోయింది. తెలుగు వచ్చిన పిల్లలు తలలు దించుకున్నారు. తెలుగు రాని పిల్లలు వాళ్ల ముఖాలు చూసి సంగతి గ్రహించారు. దాలమ్మ గదిలోకి ఒక అడుగు వేసి మార్తా వైపు చూసింది.

"ఆయన పోయినప్పుడు తెరలోపల ఉన్నది నువ్వేనంట. సూరమ్మ నోరుజారి అనీసినాది. నువ్వు నాకు కనబడకండా తిరగతన్నావు. సెప్పు తల్లీ. ఆకర్న మా ఆయనేటన్నాడు?"

మార్తా గది చివర కూర్చున్న రూత్ సిస్టర్ వైపు చూసింది. నెరిసిన జుట్టు, మోకాళ్ల నొప్పులు, ఎవరినీ తొందరపెట్టని మనిషి. లేచి వచ్చి దాలమ్మని పంపేస్తుందేమోనని మార్తాకి ఒక్క క్షణం ఆశ. రూత్ సిస్టర్ చేతిలో కలం కింద పెట్టింది.

"ఇది నీ క్లాసు, మార్తా" అంది.

మార్తా చేతికి అంటిన చాక్‌పొడి కొంగుకి తుడుచుకుంది. ముందు హిందీలో పిల్లలతో అంది. "ఈమె అడిగింది ఈమె సొంత విషయం. అది మీ అందరి ముందూ నేను చెప్పను. మీరు ఇక్కడే ఉండండి. నేను తిరిగి వస్తాను." ఆ తరవాత తెలుగులో దాలమ్మతో, "రా దాలమ్మా. నాకు తెలిసింది చెప్తాను. పక్క గదిలో మనం అనుకున్న మాట బయటికి పోదు" అంది.

"వస్తాను" అన్న మాట మీద ఫిలోమినా చూపు నిలిచిపోవడం మార్తా గమనించింది. కిందటిసారి ఆ మాట చెప్పకుండానే వెళ్లిపోయింది కదా.

*

పక్కన ఉన్నది పిల్లలు పనులు నేర్చుకునే గది. మంచం, ఎనామిల్ బేసిన్లు, మంచం మీద మనిషంత బొమ్మ. మార్తా తలుపు తీశాక గానీ గుర్తు రాలేదు, పొద్దున్న పిల్లలు కాలిన గాయాలకి కట్లు కట్టడం నేర్చుకున్నారని. బొమ్మ తల నుంచి పాదాల దాకా తెల్లటి గాజుగుడ్డలో పడుకుని ఉంది. కళ్ల దగ్గరా నోటి దగ్గరా మాత్రం సందులు.

దాలమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. మార్తా గబగబా వెళ్లి దుప్పటి పైకి లాగబోయింది.

"ఉండనీ" అంది దాలమ్మ. "ఇలగే ఉన్నాడు."

నెమ్మదిగా వచ్చి మంచం పక్కన నేల మీదే కూర్చుంది. మార్తా స్టూలు జరిపింది గానీ తీసుకోలేదు. మార్తా కూడా ఆమె ఎదురుగా నేల మీద కూర్చుంది.

ఆ రోజు కళ్లముందు తిరిగింది. ఎడతెగని వాన. వార్డు రేకుల మీద ఆ చప్పుడుకి మాట వినబడేది కాదు. తవిటయ్యకి మార్ఫియా ఇచ్చి కొంతసేపయింది. మార్తా దూదిని గ్లిజరిన్‌లో ముంచి అతని పెదాలు తడుపుతోంది. పెదాలు వాచి, తెరుచుకోలేనట్టుగా ఉన్నాయి. ఉన్నట్టుండి ఆ కట్ల మధ్య కళ్లు తెరుచుకున్నాయి. ఎవరినో వెతికినట్టు అటూ ఇటూ తిరిగాయి. అప్పుడు అన్నాడు.

"సిన్నోడ... ఒగ్గీ..."

అంతే. నోరు ఆ మాట మీదే తెరుచుకుని ఉండిపోయింది. 'ఒగ్గీ' అన్నాక ఇంకేదో రావాలన్నట్టు మార్తా వంగి చెవి దగ్గర పెట్టింది. ఏమీ రాలేదు.

ఒగ్గడం అంటే వదలడం. జానకిది గోదావరి వైపు. ఆమె వింటే ఏదో పలవరింత అనుకునేది. మార్తాది బొబ్బిలి. చిన్నప్పుడు చెరుకు ముక్క కోసం అన్నదమ్ములతో కొట్లాడుతున్నప్పుడు అమ్మ వేసిన కేక అది. అందుకే ఆ మాట ఆమె లోపలికి దిగిపోయింది. ఆ సాయంత్రం డాక్టరుకి చెప్పబోతే, "మత్తులో మాటలు. ఇంటివాళ్లకి చెప్పి వాళ్ల బుర్రలు పాడుచెయ్యకండి" అన్నాడు. మార్తా సరేనంది. ఆనాటి నుంచి ఆ మాట ఆమెని వదల్లేదు. పంపు కింద చేతులు కడుక్కుంటుంటే నీళ్లలో వినబడేది. సామాన్లు మరగబెట్టే పెట్టెలోంచి ఆవిరి చిమ్మినప్పుడు వినబడేది. కిందటిసారి క్లాసులో ఫిలోమినా ప్రశ్న అడిగినప్పుడు, నల్లబల్ల మీద కీచుమన్న చాక్‌పీసులోంచి కూడా అదే వినబడింది.

దాలమ్మ బొమ్మ చేతి కట్టు మీద వేలు ఆనించి మాట్లాడసాగింది.

"మా తమ్ముడు సిన్నారావు. ఆల్లిద్దరూ ఒకే ఫౌండ్రీలో, ఒకే జత. కరిగిన ఇనుము ఉంటాది గదా, లేడిలంటారు, పెద్ద ఇనపగిన్ని, అందులో ఏసుకుని సెరోపక్కా కాడ పట్టుకుని మోస్తారు. ఆ దినం ఇనుము ఒలికి మా ఆయన మీద పడిపోనాది. మా తమ్ముడికి సేతి మీద సిన్న బొబ్బ కూడా నేదు."

"నీ తమ్ముడు మీతోనే ఉంటున్నాడా?"

"మాకింకెవలున్నారు? తిండెట్టేవోడు ఆడే. డూటీకి ఎల్తాడు, వత్తాడు. లేడిల్ ముట్టుకోడంట, ఇసక మోసే పనిలో ఎట్టినారు. పగటేల నిద్దరోతే లేచి అరుస్తాడు. నానొగ్గలేదు బావా, నానొగ్గలేదు, అనీసి. నా పిల్లల్ని ముందు బుజాలకెత్తుకుని సాక్చి సంత కాడికి తిప్పీవోడు. ఇప్పుడు ముట్టుకోడు. పిల్ల వొచ్చి ఒళ్లో కూకుంటే సేతులు రెండూ పైకెట్టేస్తాడు. నా సేతుల్ని నమ్మకప్పా, అంతాడు."

ఆమె మార్తా ముఖంలోకి చూసింది.

"ఇంకేటీ నాకక్కర్నేదమ్మా. నా పేరు సెప్పకపోనా పర్నేదు. మా ఆయన సిన్నోడి పేరెత్తినాడా నేదా?"

మార్తాకి దారులన్నీ కనబడ్డాయి. 'లేదు' అంటే దాలమ్మ లేచి వెళ్లిపోతుంది, ఇంట్లో ఆ తమ్ముడితో బతుకు ఎలాగో సాగుతుంది. అవునంటే, ఆ ఇంట్లో ఈ సాయంత్రం ఏమవుతుందో తెలియదు. ఇన్ని నెలలుగా మార్తా ఆ సగం మాటని తనే పూర్తి చేసుకుంటూ వచ్చింది. ఒగ్గీసినాడు, అని. చిన్నారావు వదిలేశాడు, అని. చచ్చిపోయేవాడు నేరం చెప్పిపోయాడనీ, దాన్ని తను దాచిపెట్టాననీ అనుకుంటూ వచ్చింది. రూత్ సిస్టర్ వార్డు రిపోర్టు చెప్పడం నేర్పిన మొదటివారం గుర్తొచ్చింది. "రోగి కదల్లేదు అను. నిద్రపోయాడు అనకు. నిద్రపోయాడన్నది నీ ఊహ." అప్పుడది చాదస్తంగా తోచింది. ఇప్పుడు, ఆ గాజుగుడ్డ బొమ్మ ముందు, తను విన్నది ఎంతో, కలుపుకున్నది ఎంతో మొదటిసారి విడివిడిగా కనబడింది.

"ఎత్తాడు" అంది మార్తా.

దాలమ్మ కళ్లు మూసుకుంది.

"సిన్నోడ, అన్నాడు. తరవాత ఒగ్గీ, అన్నాడు. అక్కడ ఆగిపోయాడు. ఇంకా ఏదో అనబోయాడేమో, అదే మొత్తం మాటేమో నాకు తెలీదు. అంతకుమించి నేనేమీ వినలేదు దాలమ్మా."

గోడ అవతల పిల్లల గుసగుసలు సన్నగా వినబడుతున్నాయి.

"ఒగ్గీసినాడు, అనబోనాడా?" అంది దాలమ్మ. "సిన్నోణ్ణి ఒగ్గీండి, ఏటీ అనకండి, అనబోనాడా?"

"తెలీదు."

"నీకెలగ తోసింది?"

మార్తా నోటిదాకా ఏదో వచ్చింది. ఇన్నాళ్లూ తోచినది చెప్పొచ్చు. అది తప్పయితే ఒక మనిషి బతుకు మీద పడుతుంది. దానికి బదులు క్షమించాడని చెప్పొచ్చు. అది దాలమ్మకి వచ్చిన అబద్ధాల్లో ఇంకొకటవుతుంది.

"నాకు తోచింది నీకివ్వను. నాకు తోచింది ఆయన మాట కాదు."

"కోపంగా అన్నాడా?"

"నొప్పిగా అన్నాడు. ఆ నొప్పిలో కోపం ఉన్నా, ప్రేమ ఉన్నా నేను పోల్చుకోలేను."

దాలమ్మ ముఖం ఒక్కసారి గట్టిపడింది. "అయితే ఈ సగం మాట నాకెందుకు సెప్పినావు? ఆల్లందరూ సెప్పినియ్యి అబద్దాలైనా నిండుగున్నాయి. ఇది నాను ఇంటికి ఎలగ అట్టుకెల్లేది?"

చెయ్యి చాపితే దాలమ్మ తోసేస్తుందేమో అనుకుంది మార్తా. అయినా చాపింది. దాలమ్మ తోసెయ్యలేదు, పట్టుకోనూ లేదు. తనలో తాను అనుకుంటున్నట్టు అంది.

"ఇంటికాడ ఎప్పుడూ ఆ మాటే అనీవోడు. నాను తమ్ముణ్ణి దెబ్బలాడితే, ఆణ్ణొగ్గీ దాలీ, సిన్నోడు, అనీవోడు." ఆగి, "మరి ఆ దినం ఒగ్గీసినోడు కూడా సిన్నోడే గదా" అంది.

లేచి చీర సర్దుకుంది. గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి తిరిగి మంచం మీది బొమ్మని ఒకసారి చూసింది. మార్తాని చూడలేదు. వరండాలో ఆమె అడుగుల చప్పుడు వార్డు ముందున్న బల్ల దగ్గర ఆగుతుందేమోనని మార్తా చెవి ఒగ్గి వింది. ఆగలేదు. గేటు వైపు వెళ్లిపోయింది.

*

మార్తా క్లాసులోకి తిరిగి వచ్చేసరికి జానకి లేచి నిలబడి ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ముందు నేను ఒక మాట అనాలి" అంది జానకి. "ఆమె పిల్లల పేరు చెప్పి నేను అబద్ధమాడానని అందరూ విన్నారు. ఆ రోజు ఆమె ఆ వరండాలో తల గోడకేసి కొట్టుకుంటోంది. నువ్వు లోపల దేహం కడుగుతున్నావు, మార్తా. నువ్వు చూడలేదు. ఏదో ఒక మాట ఇవ్వకపోతే తల పగిలేది. మళ్లీ అలాంటి రోజు వస్తే మళ్లీ అదే చెప్తానేమో. నేను ఈ పాఠం చెప్పడానికి పనికిరానంటే చెప్పెయ్."

ఇదివరకటి మార్తా అయితే ఏం మాట్లాడేదో. ఇప్పుడు జానకిని తప్పు పట్టే మనసు రాలేదు. తను ఏమీ చెప్పకుండా వెనక మెట్ల మీద తిరిగింది. జానకి కనీసం దాలమ్మ పక్కన నిలబడింది.

"ఆ రోజు నువ్వు ఆమె తల పట్టుకున్నావు కదా?" అంది మార్తా.

"పట్టుకున్నాను."

"తల పట్టుకుంటే చాలేమో. మాట ఇవ్వాల్సిన పని లేదేమో. నాకు గట్టిగా తెలీదు. నువ్వు ఆమెకిచ్చిన మాట ఆమెని రోజూ ఇక్కడికి రప్పించింది. నేను ఇప్పుడు చెప్పిన మాట ఏం చేస్తుందో ఇంకా తెలియదు."

ఆ తరవాత పిల్లల వైపు తిరిగింది. పేర్లు చెప్పలేదు. ఎవరి విషయమో ఏమన్నాడో చెప్పలేదు. రోగి చివరి మాటని ఒక నర్సు వింది, ఆ మాట తెగిపోయింది, దాన్ని ఆమె తన భయంతో పూర్తి చేసుకుంది, ఇంకొకరు జాలితో ఇంకోలా పూర్తి చేశారు. అంతవరకే చెప్పి, "మీరయితే ఏం చేసేవాళ్లు?" అని అడిగింది. గదంతా గోలగోలయింది. డాక్టరు మాట దాటకూడదని ఒకరు, అమ్మకి చెప్పుకున్నట్టు చెప్పాలని ఒకరు, ఏమీ వినలేదనడమే మంచిదని ఇంకొకరు. మార్తా ఎవరినీ ఆపలేదు. ఒకరు చెప్పింది ఇంకొకరి చేత మళ్లీ చెప్పించింది. ఒప్పుకోనివాళ్లని ఎందుకో అడిగింది. గంట కొట్టినా ఎవరూ పుస్తకాలు సర్దుకోలేదు.

చివరికి ఫిలోమినా లేచింది. "సిస్టర్, ఆప్‌కో డర్ నహీ లగా?"

భయం వెయ్యలేదా అని. మార్తా బల్ల అంచు పట్టుకుంది.

"లగా" అంది. "అభీ భీ లగ్ రహా హై."

ఇప్పటికీ వేస్తోందని ఒక ట్యూటర్ ఒప్పుకోవడం ఆ పిల్లలకి కొత్త. ఎవరూ నవ్వలేదు. ఫిలోమినా తల ఊపి కూర్చుంది. తన ప్రశ్నకి జవాబు దొరికిందో లేదో గానీ, దాన్ని అడగడం తప్పు కాదని మాత్రం ఆమెకి తెలిసినట్టుంది.

పిల్లలు వెళ్లాక రూత్ సిస్టర్ మోకాళ్లు పట్టుకుని లేచింది.

"మేట్రన్ అడుగుతుంది, పిల్లలు ఏం రాసుకున్నారని" అంది.

"ఎవరూ ఏమీ రాసుకోలేదు సిస్టర్."

"అదే చెప్తాను. ఇకమీదట ఈ పాఠం నీది. జానకి నీతో కలిసి చెప్తుంది. ఆ అమ్మాయిని వదులుకోకు. నీతో పోట్లాడేవాళ్లు పక్కన ఉండాలి." తలుపు దగ్గర ఆగింది. "ఆ దాలమ్మకి నువ్వు ఏం చెప్పావో నేను అడగను. కానీ అది చెప్పేశావు కాబట్టి తేలికయిపోయిందనుకోకు."

మార్తా తేలికయిపోయిందని అనుకోలేదు. అయితే చేతులు కడుక్కోవడానికి పంపు తిప్పినప్పుడు, ఈసారి నీళ్ల చప్పుడు నీళ్ల చప్పుడులాగే ఉంది. అది ఎంతసేపుంటుందో చూద్దామన్నట్టు ఆమె అక్కడే నిలబడింది.

*

డ్యూటీ మారే సైరన్ మోగింది. మార్తా కద్మాలో తన క్వార్టరుకి వెళ్లడానికి గేటు దాటింది. రోడ్డు నిండా సైకిళ్లు. కార్ఖానా వైపు ఆకాశం అప్పుడే ఎర్రబడుతోంది.

గేటు పక్క గోడ దగ్గర ఒక కుర్రవాడు నిలబడి ఉన్నాడు. పాతికేళ్లుంటాయి. ఒంటి మీద ఇంకా పొద్దుటి డ్యూటీ ఇసుక, నల్లటి దుమ్ము. రెండు చేతులూ చంకల కింద దాచుకుని ఉన్నాడు, చలి లేకపోయినా. మార్తా అతన్ని ఎప్పుడూ చూడలేదు. ఆ చేతులు చూసి పోల్చుకుంది.

"చిన్నారావువి కదూ?"

"అప్ప ఇంటికొచ్చింది" అన్నాడు అతను, అక్క దాలమ్మ గురించి. "ఒక్క మాటా అన్లేదు. అన్నం ఒండుతా కూకుంది. నానే అడిగితే సెప్పినాది. బావ నా పేరెత్తినాడంట గదా సిస్టరమ్మా. ఒగ్గీ అన్నాడంట."

"అన్నాడు."

"అప్పకి ఆ మాటేటో తెలవదు. నాకు తెలుసు."

మార్తా సైకిళ్లకి అడ్డు లేకుండా గోడ పక్కకి జరిగింది. అతను ఆమెని చూడకుండా, రోడ్డు వైపు చూస్తూ చెప్పాడు.

"ఆ దినం వాన. పైరేకులు కారి కింద నీళ్లు నిలిసినాయి. ఇద్దరం లేడిల్ మోస్తన్నాం. రవ్వంత ఇనుము సింది నీళ్లలో పడీసరికి బాంబులాగ పేలింది. బావ అరిసినాడు. సిన్నోడా, ఒగ్గీ, ఎల్లిపో, అనీసి. మీకాడ అన్నది అదే మాట. అదే అరుపు."

నెలల తరబడి మార్తా చెవిలో తెరుచుకునే ఉన్న ఆ నోరు మూసుకుంది. నేరం మోపడం కాదు, క్షమించమనడం కూడా కాదు. తన బావమరిదిని బతికి పొమ్మని వేసిన కేక. ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"మరి నువ్వు బావ చెప్పిందే చేశావు కదయ్యా. ఇందులో నీ తప్పేముంది? ఇది అప్పకి చెప్పలేదా?"

చిన్నారావు తల అడ్డంగా ఊపాడు. మొదటిసారి చేతులు చంకల్లోంచి బయటికి తీసి, అవి ఇంకెవరివో అయినట్టు చూసుకున్నాడు.

"బావ అరిసీసరికి నా సేతిలో కాడ నేదు సిస్టరమ్మా. పేలగానే నాను ఒగ్గీసినాను. నాను ఒగ్గీసింది సూసి, ఆ తరవాత అరిసినాడు. నిజింగా ఎల్లిపొమ్మన్నాడో, నా మీదికి తప్పు రాకండా అందరూ ఇనాలని అరిసినాడో నాకు తెలవదు. ఇనుము మీద పడతన్నప్పుడు మనిసి అలగ ఆలోసిత్తాడేటి? బావయితే ఆలోసిత్తాడు. అదే నన్ను నిద్దరపోనియ్యదు."

చిన్నారావు చేతులు మళ్లీ చంకల కింద దాచుకున్నాడు.

"బావ ఒగ్గీమన్నాడని అప్పకి మీరు సెప్పండి. మీరు సెప్తే నమ్ముద్ది, ఇయేల అందరిలోకీ మీరే నిజిం సెప్పినారంట. నా సేతులు ముందే ఒగ్గీసినాయని మట్టుకు సెప్పకండి. మీకాడ సెప్పిన మాట బయటికి పోదని అప్పే అంది."

"చిన్నారావూ, నువ్వు నన్నడిగేది..."

ఆమె మాట పూర్తికాలేదు. రోడ్డుకి అవతల, సైకిళ్ల వరసకి వెనక, చంటిపిల్లని చంకనేసుకుని దాలమ్మ నిలబడి ఉంది. తమ్ముణ్ణి వెతుక్కుంటూ వచ్చినట్టుంది. ఇద్దరినీ కలిసి చూసింది. సైకిళ్లు తగ్గేదాకా ఆగలేదు. చెయ్యి అడ్డుపెట్టి, వాటి మధ్య నుంచే రోడ్డు దాటడం మొదలుపెట్టింది.